మేకతోలు రెక్కలు

ఇట్లా దగ్గరికి రండి. గోడకు ఆనుకున్నవాళ్లు కూడా ముందుకు జరగండి, నా గొంతు ఇప్పుడు అంత దూరం రాదు. ఆ చింతగింజలు పక్కన పెట్టండి, ఆట ఎక్కడికీ పోదు. ఇప్పుడు చెప్పబోయేది రెక్కల సంగతి. పక్షి రెక్కలు కాదు, పురుగు రెక్కలూ కాదు. మేకతోలుతో చేసిన రెక్కలు.

నయాపైసలు వచ్చిన మరుసటి ఏడాది జరిగింది. ఆ ఏడు వానలు లేవు. మన వైపు వాన పడిన ఏడాదైతే చెప్పుకోవాలి గాని, పడని ఏడాది గురించి చెప్పేదేముంది? ధర్మవరానికి రెండు క్రోసుల దూరంలో ఒక పల్లె. ఆ పల్లెలో తోలుబొమ్మలాట ఆడే ఇల్లు ఒకటి. ఇంటి పెద్ద గంగాధరప్ప. కొడుకు లక్ష్మన్న. లక్ష్మన్న భార్య ఆంజినమ్మ. ఈ కథ ఆంజినమ్మది.

తోలుబొమ్మ ఎట్లా తయారవుతుందో మీరు చూసి ఉండరు. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, చుట్టూ మేకులు కొట్టి ఎండలో సాగదీస్తారు. ఎండిందంటే అవతలి మనిషి నీడ కనిపించేంత పలచనవుతుంది. దాని మీద దబ్బనంతో బొమ్మ గీస్తారు. గీత వెంబడి కత్తిరించి, నగలు ఉండాల్సిన చోటల్లా సన్న ఉలితో కన్నాలు కొడతారు. తెర వెనక దీపం పెట్టినప్పుడు ఆ కన్నాల్లోంచి వెలుతురు దూరి, ముత్యాలు గుచ్చినట్టు కనిపిస్తుంది. ఆ తరువాత రంగులు. ఆ ఇంట్లో రంగులు వేయడం, తెర వెనక పాట అందుకోవడం ఆడవాళ్ల పని. ఉలి మాత్రం మగవాళ్లది. ఎందుకని అడిగితే, మా నాయన నాడు అంతే, మా తాత నాడు అంతే అంటారు గాని అసలు సంగతి ఎవరూ చెప్పరు.

గంగాధరప్ప కళ్లకు పొర కమ్మి మూడేళ్లయింది. లక్ష్మన్న మద్దెల మీద చెయ్యి వేస్తే పక్క ఊరికి వినిపిస్తుంది గాని, అదే చేతికి ఉలి ఇస్తే ముత్యం ఉండాల్సిన చోట కిటికీ పడుతుంది. ఆ మూడేళ్లలో కొత్త బొమ్మ ఒక్కటీ కాలేదు. సీతమ్మ బొమ్మ మోచేతి దగ్గర చిరిగితే కుట్లు వేసి ఆడిస్తున్నారు. రావణుడు ఎత్తుకుపోయేటప్పుడు ఎక్కడ ఊడిపోతుందోనని ఆంజినమ్మకు పాట మీద ధ్యాస ఉండేది కాదు. మామ ఊళ్లోకి పోయినప్పుడల్లా ఆమె ఉలిపెట్టె తెరిచి, పనికిరాని తోలుముక్కల మీద కన్నాలు కొట్టి చూసుకునేది. రెండేళ్లు అట్లా చేసింది. చేతికి పని వచ్చిందని తెలిసిన రోజున వెళ్లి నోరు తెరిచి అడిగింది.

"మామా, సీతమ్మను నేను కొడతా. ఉలి ఇయ్యి."

"నీకు పాట ఇచ్చినాం, రంగు ఇచ్చినాం. ఇంకేం కావల్ల? రేపు మీసాలు కూడా కావల్లంటావా?"

"మీసాలు నీ కొడుక్కు ఉండాయి గదా మామా. ఉలి పట్టుకుంటే అవేమన్నా పనికొచ్చినాయా?"

"నా జోలికి ఎందుకు వస్తారప్పా మధ్యలో!" అన్నాడు లక్ష్మన్న మూలనుంచి.

ముసలాయన నవ్వలేదు. ఆయన అప్పటికే మనసులో ఒక మాట అనుకున్నాడు. రాయదుర్గంలో తన చెల్లెలి కొడుకు బాలప్ప ఉన్నాడు, చెయ్యి మంచిది. శ్రీరామనవమికి వచ్చినప్పుడు ఉలిపెట్టె అతనికి ఇచ్చేయాలని. అదే చెప్పాడు. ఆంజినమ్మకు సంగతి వెంటనే అర్థమైంది. ఉలిపెట్టె గడప దాటిందంటే తిరిగి రాదు. అటు తరువాత బొమ్మ కావాలంటే రాయదుర్గం పోయి బాలప్ప వాకిట్లో నిలబడాలి. అంతకంటే ముందు, తన చేతికి వచ్చిన పని చేతిలోనే ఎండిపోతుంది. నవమికి ఇంక నెల రోజులుంది.

అప్పుడు వచ్చాడు కుళ్ళాయప్ప. అనంతపురంలో ఒక తాసిల్దారు ఇంట్లో బంట్రోతు, సొంతూరు ఈ పల్లే. "మా అమ్మగారు మిమ్మల్ని పిల్చకరమ్మన్యారు. పాపకు పుట్టినరోజంట. పిల్లోల్లకు రెక్కలు కావల్లంట" అన్నాడు.

"రెక్కలా? కోళ్లఫారం పెడతాండారా?" అన్నాడు లక్ష్మన్న.

"నన్ను అడగొద్దన్నా. నేను చెప్పేటోన్నే."

మొగుడూ పెళ్లాం రైలెక్కి అనంతపురం పోయారు. తాసిల్దారు భార్య పేరు లక్ష్మీనరసమ్మ. బళ్లారిలో కాన్వెంటు చదువు చదివింది. ఆ బడిలో ఒకసారి పిల్లలకు దేవకన్యల వేషం వేశారట, ఆ వేషం ఈమె దాకా రాకుండానే వరస అయిపోయిందట. కూతురికి అయిదేళ్లు నిండుతున్నాయి, ఆ వేషం ఇప్పుడైనా తన ఇంట్లో వేయించాలని ఆమె కోరిక. ఆమె దగ్గర ఒక బొమ్మల పుస్తకం ఉంది. దానిలో పువ్వు మీద నిలబడిన పిల్ల, వీపున పలచటి రెక్కలు.

ఆమె అప్పటికే చాలా చూసింది. దర్జీ చేత దోమతెర గుడ్డతో, ఇనుప తీగెతో కుట్టిస్తే తడిగుడ్డ వేలాడినట్టు వేలాడింది. గాలిపటాల కాగితంతో చేస్తే పాప ఒక్కసారి గోడకు ఆనుకోగానే చిరిగింది. కిరీటాలకు ధర్మవరం నుంచి జరీ తెప్పించింది. చేతికి నక్షత్రం కర్రలు కావాలని సిగరెట్టు పెట్టెల్లోని తగరం కాగితాలు తాసిల్దారు చేత దాయించింది. ఆయన సిగరెట్లు తాగడట, ఆఫీసులో తాగేవాళ్లను బతిమాలి తెచ్చేవాడట. కేకు బెంగుళూరు నుంచి రైల్లో వస్తుంది. ఆరుగురు పిల్లలు, ఆరు జతల రెక్కలు. అవి మాత్రం కుదరలేదు.

ఆంజినమ్మ పుస్తకం చేతికి తీసుకొని తిప్పి తిప్పి చూసింది.

"ఈ పాప ఎవురమ్మా?"

"దేవకన్య."

"మా బొమ్మల పెట్టెలో రంభ ఉండాది, ఊర్వశి ఉండాది. వాల్లకు రెక్కలు లేవు. రెక్కలుండేది గరుత్మంతునికి, జటాయువుకు. జటాయువువి రావణుడు నరికేసినాడు."

"వాళ్లు కాదు. ఈ దేవకన్య వేరే."

"ఎవురి కూతురు?"

"ఎవరి కూతురూ కాదు."

"కథ ఏందమ్మా అయితే?"

లక్ష్మీనరసమ్మ బొమ్మ మీద వేలు పెట్టింది. "కథేం లేదు. పువ్వుల మీద ఉంటుంది. అంతే."

"పువ్వుల మీద ఉండి ఏం తింటాది?"

"అబ్బ, ఆంజినమ్మా, నాకు రెక్కలు కావాల. తిండి సంగతి నేను చూసుకుంటా."

కథ తెలియకుండా బొమ్మ గీయడం ఆంజినమ్మకు చేతకాదు. ఆ మనిషి మంచిదా చెడ్డదా, ఎవరికి భయపడుతుంది, ఎవరిని భయపెడుతుంది, అవి తెలిస్తే గాని గీత ఎటు తిప్పాలో తోచదు. ఇంటికి వచ్చాక మామతో అదే చెప్పుకుంది.

"ఎవురివీ కాని రెక్కలంట మామా. కథే లేదంట."

గంగాధరప్ప చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. "కథ లేంది దేవుడూ కాదు, రాక్షసుడూ కాదు. బొమ్మే కాదు. అట్లాంటి దానికి ఎవురు ఉలి పట్టినా ఒకటే. నువ్వే కొట్టుకో."

ఆంజినమ్మ లేచి ఉలిపెట్టె దగ్గరికి పోబోయింది.

"ఇంకో మాట ఇను. ఆ రోజు నేనూ వస్తా. పట్నమోల్లు చూసి శబాష్ అంటే ఉలిపెట్టె ఈ ఇంట్లోనే ఉంటాది. ఎగతాళి చేసినారంటే రాయదుర్గం పోతాది. మల్ల నన్ను అడగకూడదు."

"అడగను మామా."

ఆమె పన్నెండు రోజులు పని చేసింది. ఏ రెక్కలు గీయాలా అని మొదటి రోజంతా ఊరికే కూర్చుంది. చూపు దూరిపోయే రెక్కలు మన చేలల్లో ఒక్క తూనీగకే ఉంటాయని తోచాక చెయ్యి కదిలింది. ఒక్కో పిల్లకు కట్టే జతలో నాలుగు రెక్కలు, పైన రెండు, కింద రెండు. వాటి మీద తూనీగ రెక్కకు ఉండే వల లాంటి ఈనెలు. ఈనెల సందుల్లో కన్నాలు, గసగసాలంత సన్నవి. రెండు జతలకు ఎరుపు, ఒక జతకు ఆకుపచ్చ, రెండింటికి పసుపు, ఇంకొక దానికి నేరేడు రంగు. ఒక్కొక్కటి అయిపోగానే పొద్దుగూకే వేళ ఆముదం దీపం ముందు పట్టి చూసుకునేది. దీపం ముందు ఆ రెక్కలు మండినట్టు వెలిగేవి. లక్ష్మన్న చూసి, "ఇవి కట్టుకుంటే నేను కూడా ఎగురుతా" అన్నాడు. "నువ్వు ఎగిరితే మద్దెల ఎవురు మోస్తారు?" అంది ఆమె. పెట్టెలో ఆడబొమ్మను రావణుని పక్కన పెట్టరు, దేవుళ్లను రాక్షసులను కలపరు. ఈ రెక్కలను ఎవరి పక్కన పెట్టాలో తెలియక వేరే గంపలో పెట్టింది.

పుట్టినరోజు నాడు ముగ్గురూ మధ్యాహ్నానికే చేరుకున్నారు. తాసిల్దారు ఇంటి వెనక పెద్ద దొడ్డి. ఇంటి నీడ ఉన్న చోట కుర్చీలు వేశారు. కుర్చీల ముందు పొడుగాటి బల్ల, దాని మీద తెల్లటి దుప్పటి. బల్లకు అవతల దొడ్డంతా ఎండ. పడమటి గోడ వైపు బట్టలారేసే తీగ. నాలుగు గంటలకు ఆ పిల్లల తల్లులు, చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు, పదిమందికి పైనే ఉంటారు. గంగాధరప్పను కుళ్ళాయప్ప ఒక మెట్టు మీద కూర్చోబెట్టాడు.

లోపల గదిలో ఆంజినమ్మ పిల్లల వీపులకు రెక్కలు కట్టింది. గదిలో మసక వెలుతురు, పిల్లల గోల, ఎవరూ నిలకడగా నిలబడరు. రెక్కల వంక చూసే తీరిక ఆమెకు లేదు. జరీ కిరీటాలు పెట్టారు, తగరం నక్షత్రాలు చేతికిచ్చారు. ఆరుగురూ తలుపు తీసుకొని ఎండలోకి పరుగెత్తారు.

వాళ్లు ఎండలో ఇటు తిరిగి, అటు తిరిగి నిలబడ్డారు. అప్పుడు చూసింది ఆంజినమ్మ. వెలుతురు ముందునుంచి పడిన తోలు తోలులాగానే ఉంది. ఎరుపు ఎండిన నెత్తురు మరకలాగా, ఆకుపచ్చ పాచిలాగా ఉన్నాయి. కన్నాలు కన్నాల్లాగానే లేవు, దుమ్ము పడినట్టు ఉన్నాయి. పుట్టి బుద్ధెరిగిన నాటినుంచి ఆమె ఏ బొమ్మనూ దీపం ముందు తప్ప చూసి బాగుందనీ బాగాలేదనీ అనుకోలేదు. ఈ రెక్కలు పగలు కట్టుకునేవని తెలిసి కూడా, పగలు ఒక్కసారి పట్టి చూడాలని తోచలేదు.

కుర్చీల్లోంచి మొదట ఇంజనీరు భార్య అంది.

"ఏం లక్ష్మీనరసమ్మా, పిల్లోల్లకు అప్పడాలు కట్టినావే!"

అందరూ పక్కున నవ్వారు.

"వేంచలేదు ఇంకా, పచ్చివే" అంది ఇంకొకామె.

"ఏందవి, తోలా? వాసన వస్తాదేమో సూడండమ్మా."

ఆ మాట విని పుట్టినరోజు పాప రెక్కలు పీక్కోబోయింది. చేతులు అందక ఏడుపు మొదలుపెట్టింది. లక్ష్మీనరసమ్మ మొహం ఎర్రబడింది. ఆంజినమ్మ దగ్గరికి వచ్చి మెల్లగా, "ఇదేంది ఆంజినమ్మా? నేను నిన్ను నమ్ముకుంటినే. తీసెయ్యి అన్నీ" అంది.

ఆంజినమ్మ మెట్టు వైపు చూసింది. గంగాధరప్పకు సరిగ్గా కనిపించకపోయినా నవ్వు వినిపించింది. కర్ర మీద రెండు చేతులూ పెట్టుకొని తల వంచుకొని ఉన్నాడు.

"అమ్మా, ఒక్క గడియ ఆగు" అంది ఆంజినమ్మ. "ఇవి ఎనక దీపం ఉంటేనే కనపడేవి. నేను పగలు చూసుకోలేదు. తప్పు నాదే."

"ఇప్పుడు దీపం పెడితే ఎండలో కనిపిస్తుందా?"

"దీపం వద్దు. అంత పెద్ద పొద్దు ఉండాది గదా. ఆ బల్ల మీది దుప్పటి ఇయ్యమ్మా."

కేకు ఇంకా లోపలే ఉంది. కూతురు ఏడుస్తోంది, వచ్చినవాళ్లు నవ్వుతున్నారు. లక్ష్మీనరసమ్మే స్వయంగా దుప్పటి లాగి ఇచ్చింది. లక్ష్మన్న, కుళ్ళాయప్ప పరుగెత్తి దాన్ని పడమటి గోడ వైపున్న తీగ మీద వేసి, కింది కొసలకు రాళ్లు కట్టారు. ఆంజినమ్మ ఆరుగురినీ దుప్పటి అవతలికి తోలుకుపోయింది. అప్పటికి పొద్దు బాగా వాలి, అవతలినుంచి దుప్పటి మీద పడుతోంది.

"దుప్పటికి వీపు ఆనించండి. ఆనించి చేతులు చాపండి. మెల్లగా, మెల్లగా. మీరు ఇప్పుడు తూనీగలు."

ఇవతల కుర్చీలు అటు తిప్పుకున్నవాళ్లకు మొదట దుప్పటి మీద ఆరు నల్లటి నీడలు కనిపించాయి. ఆ నీడల భుజాల నుంచి ఒక్కసారి ఎరుపు, పచ్చ, పసుపు, నేరేడు రంగు వచ్చాయి. ఈనెలన్నీ నల్లటి గీతలై, గసగసాలంత కన్నాలన్నీ తెల్లగా మెరిశాయి. పిల్లలు ఊగితే రంగులు ఊగాయి. లక్ష్మన్న అలవాటు కొద్దీ బల్ల మీద దరువు వేశాడు, మద్దెల లేదు గనక. ఆంజినమ్మ అవతలినుంచి పాట అందుకుంది. ఏ కథదీ కాని పాట, అప్పటికప్పుడు నోటికి వచ్చింది. ఎక్కడో చెరువుకు నీళ్లొచ్చాయని తూనీగలు కబురు తెచ్చినట్టు పాడింది.

ఎంతసేపు సాగిందంటారా? ఎంతోసేపు సాగలేదు. అవతల ఉన్న పిల్లలకు తమ రెక్కలు తమకు కనిపించవు కదా! నేరేడు రంగు కట్టుకున్న పిల్ల దుప్పటి పక్కనుంచి తొంగి చూసి, "నాకూ సూపించండి" అని ఇవతలికి పరుగెత్తింది. ఆ వెంట ఇంకొకతె. ఇటు వచ్చినవాళ్లు అటు ఉన్నవాళ్లను చూసి కేకలు, అటు ఉన్నవాళ్లు మేమూ చూడాలని ఏడుపు. చివరికి రెక్కలు విప్పి ఒకరివి ఒకరు కట్టుకొని, సగం మంది అటు, సగం మంది ఇటు ఆడుకున్నారు. కిరీటాలు నేల మీద పడి కాళ్ల కింద నలిగాయి.

ఇంజనీరు భార్య మాత్రం, "నా కూతురు మొగమే కనపడలేదు. నల్లగా ఎవురి పిల్లో ఎవురికి తెలుస్తాది?" అంది. లక్ష్మీనరసమ్మ కోరుకున్నది కూడా అది కాదు. వీపున రెక్కలున్న కూతురు కళ్ల ముందు అటూ ఇటూ తిరగాలని ఆమె అనుకుంది. "పోనీలే, పాప ఏడుపు మానింది" అని మాత్రం అంది. దుప్పటికి అంటిన రంగు మరకలు చూసుకుంటూ కేకు తేవడానికి లోపలికి పోయింది. శబాష్ అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఈ గోలలో గంగాధరప్ప కర్ర పట్టుకొని దుప్పటి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొర కమ్మిన కళ్లకు ఏం కనిపించిందో తెలియదు. ఒక పిల్ల రెక్క దుప్పటికి ఆనిన చోట, గుడ్డ మీదే వేలు పెట్టి కిందికీ పైకీ తడిమాడు. పిల్ల చక్కిలిగింతలు పెట్టినట్టు నవ్వి పారిపోయింది. ఆయన ఇంకొక రెక్క కోసం వెతుక్కున్నాడు. ఆరింటినీ తడిమేదాకా అక్కడే ఉన్నాడు.

స్టేషన్లో రైలు ఆలస్యం. ముగ్గురూ రాతిబల్ల మీద కూర్చున్నారు. ముసలాయనే ముందు అడిగాడు.

"శబాష్ అన్యారా?"

"అన్యారు నాయనా, అందరూ అన్యారు" అన్నాడు లక్ష్మన్న తొందరగా.

"అనలేదు మామా" అంది ఆంజినమ్మ. "అప్పడాలన్యారు. నువ్వు ఇన్యావు గదా."

"ఇన్యా." ఆయన కర్రతో నేల మీద ఏదో గీసి చెరిపాడు. "పచ్చదాంట్లో, కుడిపక్క పైరెక్కలో, కన్నాలు ఒకదాని మీద ఒకటి పడినాయి. రెండాటలకు ఆడ చినుగుతాది."

"నీకు కనపడిందా మామా?"

"నాకేం కనపడతాది? పచ్చరంగు మసగ్గా తెలిసింది, కన్నాలు వేలు పెట్టి సూసినా. తక్కినవి సరిగ్గా ఉండాయి." కర్ర పక్కన పెట్టాడు. "పగలు పట్టి చూడాలని నాకూ తోచదు. నేను కొట్టినా దీపం ముందే చూసుంటా. ఆ నవ్వు నాకూ తగిలేదే."

ఆంజినమ్మ ఖాళీ గంప ఒడిలోకి లాక్కుంది. నోరు తెరిస్తే ఎక్కడ చెడుతుందోనని భయం.

"సీతమ్మకు మటుకు అట్ల దగ్గర దగ్గర కొట్టినావంటే చెయ్యి ఇరుస్తా" అన్నాడు గంగాధరప్ప.

"అంటే నాయనా, ఉలి..." అన్నాడు లక్ష్మన్న.

"నువ్వు మద్దెల కొట్టుకో."

అంతే. అంతకు మించి ఆ ఇంట్లో ఆ సంగతి గురించి ఎవరూ మాట్లాడుకోలేదు. నవమికి బాలప్ప రాయదుర్గం నుంచి వచ్చాడు, పానకం తాగాడు, వడపప్పు తిన్నాడు, మామ ఉలిపెట్టె మాట ఎత్తుతాడేమోనని రెండు రోజులు చూసి వెళ్లిపోయాడు. రెక్కలు పిల్లలతోనే వాళ్ల వాళ్ల ఇళ్లకు పోయాయి. ఇంజనీరు గారింట్లో ఉన్న జతను కుక్క నమిలేసిందట, తోలు కదా మరి. ఎండలు తగ్గేలోపల ఆంజినమ్మ సీతమ్మను కొట్టింది. ఆమె ఒక్కో వరస కన్నాలు కొట్టగానే ముసలాయన వేలితో తడిమి, సరే అంటేనే తరువాతి వరస.

ఇదీ సంగతి. మీరు పెద్దయ్యాక ఆంజినమ్మ పేరు మర్చిపోకుండా, మీ ముందు కూర్చున్న పిల్లలకు ఇది చెప్పండి. నేను చెప్పినట్టే చెప్పాలని లేదు, ఒకటి తగ్గినా ఒకటి పెరిగినా ఫరవాలేదు. ఆమె స్టేషన్లో "అనలేదు మామా" అన్న మాట మాత్రం వదిలిపెట్టకండి.